పారామెడిక్ కోర్సులో చేరారా? రిజిస్ట్రేషన్ సంగతి మొదటి ఏడాదే పట్టించుకోండి

ఇంటర్ బైపీసీ రిజల్ట్స్ వచ్చిన వారానికల్లా తిరుపతి బస్టాండ్ చుట్టూ, చిత్తూరులో ఏ సర్కిల్ చూసినా ఫ్లెక్సీలు లేస్తాయి. పారామెడికల్ కోర్సులు, జాబ్ గ్యారంటీ, హాస్టల్ ఫ్రీ, స్కాలర్‌షిప్ ఉంది అని. అమ్మానాన్నలు వెళ్లి ఫీజు ఎంత, ఉద్యోగం వస్తుందా, జీతం ఎంత అని అడిగి అడ్మిషన్ తీసేసుకుంటారు. కోర్సు అయ్యాక మా అబ్బాయి పేరు ఏ రిజిస్టర్‌లో ఎక్కుతుంది అని అడిగినవాళ్లు నాకైతే చాలా తక్కువమంది కనిపించారు. అసలు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. అంబులెన్స్‌లో, ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్), పారామెడిక్ కోర్సుల్లో చేరినవాళ్లకి, చేరాలనుకుంటున్నవాళ్లకి ఇది రాస్తున్నాను. డయాలసిస్, అనస్థీషియా, ల్యాబ్ కోర్సులవాళ్లకి కూడా ఇందులో సగానికి పైగా పనికొస్తుంది.

ముందు చట్టం సంగతి, క్లుప్తంగా

డాక్టర్లకి మెడికల్ కౌన్సిల్, నర్సులకి నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసిస్టులకి ఫార్మసీ కౌన్సిల్ ఎప్పటినుంచో ఉన్నాయి. అంబులెన్స్‌లో ప్రాణం పట్టుకుని కూర్చునే మనిషికి మాత్రం దేశం మొత్తానికి కలిపి ఒక కౌన్సిల్ అంటూ చాలాకాలం లేదు. మన రాష్ట్రంలో డిప్లొమాలవరకు 2006 చట్టంతో వచ్చిన పారామెడికల్ బోర్డు చూసుకునేది. 2021లో పార్లమెంటు నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. అందులో వృత్తులను 10 విభాగాలుగా పెట్టారు. ట్రామా, కాలిన గాయాలు, సర్జరీ, అనస్థీషియాకి సంబంధించిన విభాగంలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్, అడ్వాన్స్ కేర్ పారామెడిక్ అని పేర్లు రాసి మరీ చేర్చారు. అంటే ఇప్పుడు మన పని చట్టం గుర్తించిన వృత్తి.

దీనివల్ల మూడు విషయాలు మారాయి. ఒకటి, చదువుకి కనీస గంటలు వచ్చాయి. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే డిప్లొమా అయినా డిగ్రీ అయినా 2000 గంటలకు తగ్గకూడదు, అదీ 2 నుంచి 4 ఏళ్లలో సెమిస్టర్లుగా చదివి ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అయితే 3600 గంటలు, 3 నుంచి 6 ఏళ్లు. ఆరు నెలల సర్టిఫికెట్ ఇచ్చి పారామెడిక్ అయిపోయావు పో అనేవాళ్ల దగ్గరికి వెళ్లేముందు ఈ లెక్క గుర్తుంచుకోండి. రెండు, ప్రతి రాష్ట్రంలో ఒక కౌన్సిల్, దాని దగ్గర ఒక రిజిస్టర్, వాటన్నిటినీ కలిపి ఢిల్లీలో ఒక సెంట్రల్ రిజిస్టర్ ఉండాలి. మూడు, రిజిస్టర్‌లో పేరు లేకుండా ప్రాక్టీస్ చేస్తే 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. అన్ని కోర్సులకీ ఒకే ప్రవేశపరీక్ష, కోర్సు చివర ఒకే ఎగ్జిట్ పరీక్ష పెట్టే బాధ్యత కూడా కమిషన్‌కి చట్టం అప్పజెప్పింది, కాబట్టి మా సీనియర్లకి లేదు కదా మాకెందుకు అని ధీమాగా ఉండకండి, నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

కాలేజీలో చేరేముందు

కొత్త సంస్థ పెట్టాలన్నా, ఉన్న సంస్థలో కొత్త కోర్సు తెరవాలన్నా, సీట్లు పెంచాలన్నా స్టేట్ కౌన్సిల్ ముందస్తు అనుమతి ఉండాలని చట్టం చెబుతోంది. అనుమతి లేకుండా నడిపితే అక్కడ చదివిన చదువుకి గుర్తింపు ఉండదు. నష్టపోయేది యాజమాన్యం కాదు, మనమే.

అందుకని ఆఫీసు రూంలో కూర్చున్నప్పుడు సిగ్గుపడకుండా అడగండి. కోర్సు పూర్తి పేరు ఏంటి, సర్టిఫికెట్ ఎవరి పేరుమీద వస్తుంది, యూనివర్సిటీదా బోర్డుదా లేక ఏదో ట్రస్టుదా, అనుమతి ఉత్తర్వు కాపీ చూపిస్తారా. చూపించమంటే "అదంతా విజయవాడలో ఉందమ్మా, మీరేం టెన్షన్ పడకండి" అన్నారనుకోండి, టెన్షన్ పడాల్సింది అప్పుడే. ఫ్లెక్సీమీద పారామెడికల్ అని పెద్దక్షరాలు ఉంటే చాలదు, మీ కోర్సు పేరు 2021 చట్టం షెడ్యూల్‌లో ఉన్న పేరుకి సరిపోతుందో లేదో చూసుకోవాలి. షెడ్యూల్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, చదవడానికి పది నిమిషాలు పట్టదు.

తిరుపతి చుట్టుపక్కలవాళ్లకి ఒక అదృష్టం ఉంది. టీటీడీ ఆధ్వర్యంలోని స్విమ్స్ సొంతంగా యూనివర్సిటీ, పారామెడికల్ డిగ్రీలు నడుపుతుంది. పక్కనే ఎస్వీ మెడికల్ కాలేజీ, రుయా ఆసుపత్రి ఉన్నాయి. కుప్పంలో పీఈఎస్, చిత్తూరులో అపోలోవాళ్ల మెడికల్ కాలేజీ. ఏటా ఏ కోర్సులు, ఎన్ని సీట్లు అనేది ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూడండి, పోయినేడాది బంధువులబ్బాయి చెప్పింది నమ్ముకోకండి. ఇంకో మాట. దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో ఈ డిగ్రీ చేస్తాం, ఉద్యోగం చేసుకుంటూ చదువుకుంటాం అనే ఆలోచన ఉంటే మానుకోండి. ఈ చట్టం కిందికి వచ్చే కోర్సుల్ని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతిలో నడపొద్దని యూజీసీ 2025లో చెప్పేసింది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం కాలేజీ చేతిలో పెట్టి రాకండి. వెరిఫై చేసుకుని తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. మా దగ్గరే ఉంటేనే సీటు అని మన జిల్లాలో ఇప్పటికీ కొన్నిచోట్ల అంటున్నారు. అలా అంటే కాగితంమీద రాసి సంతకం పెట్టి ఇవ్వమనండి, చాలాసార్లు అక్కడితో గొంతు మారుతుంది.

మొదటి ఏడాదే ఒక ఫైలు

రిజిస్ట్రేషన్ అప్లికేషన్లు ఎక్కువగా వెనక్కి వచ్చేది చదువులో లోపంవల్ల కాదు, పేర్లవల్ల. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే కదా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొట్టి అక్షరం ఒక్కటే ఉంటుంది, ఇంటర్‌లో ఇంటిపేరు చివరికి వెళ్తుంది, బ్యాంకులో నాన్న పేరు కూడా కలిసిపోతుంది. వీటన్నిటికీ పదో తరగతి మెమోనే ఆధారం అనుకుని, ఆధార్‌ని దానికి తగ్గట్టు ముందే మార్పించుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే ఆడపిల్లలు డిగ్రీ చేతికి వచ్చి రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆగితే మంచిది, లేదా మార్చుకున్నట్టు గెజిట్ కాగితం దగ్గర పెట్టుకోండి.

ఇంకో తికమక మన రాష్ట్రానికే ప్రత్యేకం. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కి మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌కి వచ్చింది. మధ్యలో చదివినవాళ్లకి మొదటి ఏడాది మార్కుల లిస్టులో ఒక పేరు, చివరి ఏడాది లిస్టులో ఇంకో పేరు ఉంటుంది. రాజకీయం మనకెందుకు గానీ, బయటి రాష్ట్రంలోనో విదేశంలోనో వెరిఫికేషన్ చేసే మనిషికి ఇవి రెండు వేర్వేరు యూనివర్సిటీలు అనిపిస్తాయి. పేరు మార్పు ఉత్తర్వుల కాపీలు రెండూ డౌన్‌లోడ్ చేసి ఫైల్లో పెట్టుకోండి, ఒక రోజు పని.

అదే ఫైల్లో హెపటైటిస్ బి టీకా కార్డు కూడా ఉండాలి. మూడు డోసులు, మొదటిది వేసుకున్నాక నెలకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి. పోస్టింగులు మొదలయ్యాక వేసుకుందాంలే అనుకుంటే మూడో డోసు పడేసరికి ఎన్ని సూదుల మధ్య తిరిగి ఉంటారో ఆలోచించండి. బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) ట్రైనింగ్ కార్డు ఉంటే అదీ పెట్టండి, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డుకి గడువు రెండేళ్లే. అడ్మిషన్ ఉత్తర్వు, ఫీజు రసీదులు, అటెండెన్స్ షీట్లు, ఇంటర్న్‌షిప్ లెటర్లు, ఏదీ పారేయకండి. ఫొటో తీసి డ్రైవ్‌లో పెట్టడం వేరు, కాగితం ఉండటం వేరు, రెండూ చేయండి.

డ్యూటీలో స్టూడెంట్ ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

మీకు ఇంకా లైసెన్స్ లేదు. మీరు చేసే ప్రతి పనికీ పక్కన ఉన్న క్వాలిఫైడ్ మనిషి బాధ్యత వహిస్తారు. కాబట్టి ఎవరూ చూడనప్పుడు చేసేది ఏదీ మీ పని కాదు. బీపీ చూడటం, ఆక్సిజన్ లెవెల్ చూడటం, షుగర్ టెస్ట్, స్ట్రెచర్ ఎక్కించడం దించడం, గాయానికి ఒత్తిపట్టి కట్టు కట్టడం, మెడకి కాలర్ పెట్టేటప్పుడు తల కదలకుండా పట్టుకోవడం, ఛాతీ నొక్కడం, ఇవన్నీ నేర్పించాక మీతో చేయిస్తారు. ఐవీ పెట్టడం, మందు ఎక్కించడం, గొంతులో ట్యూబు వేయడం లాంటివి సీనియర్ పక్కన నిలబడి చేయమంటేనే చేయాలి. ఒక్కోసారి రాత్రి డ్యూటీలో మనుషులు తక్కువుంటారు, "ఏం కాదు, నువ్వు ఇచ్చెయ్ రా" అంటారు. అప్పుడు "అన్నా, నాకు ఇంకా సైన్ ఆఫ్ కాలేదు, మీరుంటే చేస్తా" అని ఒక్కమాట అనండి. మర్యాదగా అంటే ఎవరూ కొట్టరు. అన్నందుకు మార్కులు తగ్గిస్తాం అన్నారంటే అది వేరే సంగతి, దానికి ఏం చేయాలో కింద చెప్తాను.

108 వ్యవస్థ 2005 ఆగస్టు 15న మొదలైనప్పటినుంచి ఒక పద్ధతి ఉంది. వాహనంలో ఈఎంటీ, బండి నడిపే పైలట్ ఇద్దరే ఉంటారు, కానీ ఈఎంటీ ఒంటరి కాదు, కాల్ సెంటర్‌లో ఈఆర్‌సీపీ, అంటే ఎమర్జెన్సీలో సలహా ఇచ్చే డాక్టర్, ఫోన్‌లో ఉంటారు. మందు ఇవ్వాలంటే ఆయన్ని అడిగి, ఆయన చెప్పింది రాసుకుని ఇస్తారు. అంబులెన్స్ పోస్టింగ్‌లో మీరు ముందు గమనించాల్సింది ఈ ఫోన్ సంభాషణే. ఏ వరుసలో చెబుతున్నారు, ఏం అడుగుతున్నారు, జవాబుని తిరిగి ఎలా చదివి వినిపిస్తున్నారు అని చెవులు రిక్కించి వినండి. సైరన్ మోతలో, భాకరాపేట ఘాట్ మలుపుల్లో, పేషెంట్ భార్య ఏడుస్తుండగా ఆ నాలుగు వాక్యాలు తడబడకుండా చెప్పడం ఏ క్లాసులోనూ రాదు.

ఇంక హ్యాండోవర్, అంటే పేషెంట్‌ని ఆసుపత్రివాళ్లకి అప్పజెప్పడం. క్యాజువాలిటీ తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగిన అర నిమిషంలో చెప్పేయాలి. ఉదాహరణకి ఇలా: "సార్, 55 ఏళ్ల మగమనిషి, అలిపిరి మెట్లమీద 7:40కి ఛాతీనొప్పి మొదలైంది. మేం 7:52కి చేరాం. చెమటలు, బీపీ 90/60, ఆక్సిజన్ 91. ఈఆర్‌సీపీ చెప్పాక 7:58కి ఆస్పిరిన్ 325 ఇచ్చాం. షుగర్ ఉంది, అలర్జీ లేదంటున్నారు. ఈసీజీ ఇదిగో." ఇందులో అతి ముఖ్యమైనవి టైములు. ఎన్ని గంటలకి మొదలైందో తెలిస్తేనే లోపల డాక్టర్ గుండెకి ఏ వైద్యం చేయాలో తేల్చుకోగలుగుతారు. స్టూడెంట్‌గా మీకు అప్పగించగల మంచి పని అదే, చేతిలో పెన్ను పట్టుకుని టైములు రాయడం. గ్లవ్స్‌మీద రాసుకునేవాళ్లని చూశాను, గ్లవ్స్ తీసి ఎర్ర సంచిలో వేశాక రాసిందంతా దానితోపాటే పోతుంది, చిన్న ప్యాడ్ జేబులో పెట్టుకోండి.

సూది గుచ్చుకుంటే దాచిపెట్టకండి. వేలు పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బుతో నీళ్లకింద కడిగి, వెంటనే డ్యూటీ ఇన్‌ఛార్జ్‌కి చెప్పి, రిజిస్టర్‌లో రాయించండి. హెచ్ఐవీకి ముందుజాగ్రత్త మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. తిడతారేమోనన్న భయంతో మూడురోజులు ఊరుకుని, తర్వాత ఇంట్లో చెప్పుకుని ఏడ్చే పిల్లలు ఉన్నారు.

రీల్స్ సంగతి చెప్పకుండా వదలలేను. అంబులెన్స్‌లో యూనిఫాం వేసుకుని స్టెతస్కోప్‌తో ఫొటో దిగాలని అందరికీ ఉంటుంది, దిగండి, బండి ఖాళీగా ఉన్నప్పుడు. పేషెంట్ ముఖం, చెయ్యి, కేస్ షీట్, వెనకాల ఏడుస్తున్న వాళ్లమ్మ, ఇవేవీ ఫ్రేములో ఉండకూడదు. ముఖం బ్లర్ చేశాం కదా అంటారు. ఊరు, టైము, యాక్సిడెంట్ అయిన చోటు చెప్పాక ఎవరో కనిపెట్టడానికి పక్క ఊరివాళ్లకి ముఖం అక్కర్లేదు. స్టేట్ కౌన్సిల్‌లో ఎథిక్స్ అండ్ రిజిస్ట్రేషన్ బోర్డు అని విడిగా ఒకటి ఉండాలని చట్టంలోనే ఉంది, రేపు మీ పేరు ఎక్కించేదీ, తప్పు చేస్తే విచారించేదీ ఆ బోర్డే.

డ్యూటీలో లేనప్పుడు రోడ్డుమీద యాక్సిడెంట్ కనబడితే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. ఆగండి, సాయం చేయండి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్, మంచి మనసుతో, డబ్బు ఆశించకుండా సాయం చేసినవాళ్లని కేసులనుంచి కాపాడుతుంది. పేరు చెప్పమనీ సాక్షిగా ఉండమనీ పోలీసులు బలవంతం చేయకూడదు. అయితే అక్కడ మీరు పారామెడిక్‌ని అని చెప్పుకోకండి, స్టూడెంట్‌ని అని చెప్పండి. 108కి ఫోన్ చేయండి, రక్తం ఆపండి, శ్వాస ఆడేలా చూడండి, గుండె ఆగితే ఛాతీ నొక్కండి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకి తగ్గకుండా. అంతకు మించిన విద్యలు రోడ్డుమీద ప్రదర్శించొద్దు.

లాగ్‌బుక్

చెప్పేది ఒక్కటే, షిఫ్ట్ అయిపోకముందే సంతకం పెట్టించుకోండి. నెలాఖరున ముప్ఫై పేజీలు ఒకేసారి పట్టుకెళ్తే ఏ సిస్టరూ గుర్తుపెట్టుకుని సంతకం చేయరు, చేసినా దానికి విలువుండదు. తేదీ, షిఫ్ట్ టైము, చూసిన కేసు రకం, మీరు స్వయంగా చేసింది ఏంటి, చూసి నేర్చుకుంది ఏంటి, ఎవరి పర్యవేక్షణలో. పేషెంట్ పేరు వద్దు, వయసు, మగా ఆడా చాలు. చేయనిది చేసినట్టు మాత్రం రాయకండి. అంబులెన్స్ ఎక్కకుండానే అంబులెన్స్ గంటలు నింపించే కాలేజీలు ఉన్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ అబద్ధానికి కింద ఉండేది మీ సంతకమే.

రిజిస్ట్రేషన్ వేసేటప్పుడు

కోర్సు, ఇంటర్న్‌షిప్ అయిపోయాక ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల లిస్టులు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, పదో తరగతి మెమో, ఆధార్, ఫొటోలు పట్టుకుని రాష్ట్ర స్థాయి సంస్థకి అప్లై చేయాలి. దరఖాస్తు, ఫీజు ఎంత, ఎలా కట్టాలి అనేది అధికారిక వెబ్‌సైట్‌లో ఆ రోజు ఉన్నదే చూడండి. వాట్సాప్‌లో తిరిగే లింకులు నొక్కకండి. "అన్నీ నేను చేయించి పెడతా, అయిదు వేలు ఇవ్వు" అనే ఏజెంట్లు విజయవాడలోనే కాదు, మన తిరుపతిలోనూ ఉన్నారు. పారామెడికల్ బోర్డు పాత రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు, కొత్త చట్టం వచ్చింది కదా అని ఆ కాగితం పక్కన పడేయకండి, కొత్త రిజిస్టర్‌లోకి వెళ్లడానికి అదే మీ రుజువు.

ఒక గందరగోళం తీర్చుకోండి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ రిజిస్ట్రీ అని ఒకటి ఉంది, ఆధార్‌తో ఫోన్‌లోనే ఐడీ వచ్చేస్తుంది. అది వచ్చింది కాబట్టి రిజిస్ట్రేషన్ అయిపోయిందని సంబరపడేవాళ్లు ఉన్నారు. అది డిజిటల్ గుర్తింపు మాత్రమే, ప్రాక్టీస్ చేయడానికి అనుమతి కాదు. కౌన్సిల్ రిజిస్టర్‌లో ఎక్కడం వేరే పని.

గల్ఫ్‌కి వెళ్లాలనుకుంటే

మదనపల్లె, పీలేరు వైపునుంచి వెళ్లేవాళ్లు చాలామంది కాబట్టి రెండు ముక్కలు. గల్ఫ్ దేశాల్లో లైసెన్స్‌కి ముందు డేటాఫ్లో అనే వెరిఫికేషన్ ఉంటుంది. వాళ్లు నేరుగా మీ యూనివర్సిటీకి, మీరు పనిచేసిన ఆసుపత్రికి రాసి నిజమా కాదా అని అడుగుతారు. అందుకే ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో పనిచేసిన తేదీలు, హోదా, ఇచ్చినవారి పేరు సరిగ్గా ఉండాలి. బ్రిటన్‌లో అయితే పారామెడిక్ అనే పేరుకే చట్టరక్షణ ఉంది, అక్కడి రిజిస్ట్రేషన్ సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో లేనివాళ్లు ఆ పేరు వాడుకోకూడదు. ఎవరైనా ఆన్‌లైన్‌లో వెతికి చూసుకోవచ్చు. 2021 సెప్టెంబర్ నుంచి అక్కడ ఆ కోర్సులకి డిగ్రీ స్థాయే కనీసం. విద్యార్థుల ప్రవర్తన ఎలా ఉండాలో హెచ్‌సీపీసీ విడిగా ఒక చిన్న పుస్తకం వేసింది, ఉచితమే, చదవండి, అది మన పరిస్థితులకీ భలే అతుకుతుంది. ఆస్ట్రేలియాలో పారామెడిక్‌లకి జాతీయ రిజిస్ట్రేషన్ 2018 డిసెంబర్ 1న మొదలైంది. అంటే ఈ విషయంలో వాళ్లు కూడా మనకంటే యుగాలు ముందేం లేరు.

స్టూడెంట్లు నోరు తెరవాల్సిన చోట్లు

కమిషన్‌లో అధికారులుంటారు, ఆయా వృత్తులవాళ్లుంటారు, స్టేట్ కౌన్సిల్‌లోనూ అంతే. స్టూడెంట్‌కి అంటూ కుర్చీ లేదు. నా ఉద్దేశంలో ఇది చట్టంలో లోటే, ఎందుకంటే పోస్టింగ్ కాగితంమీద జరిగిందా నిజంగా జరిగిందా అనేది స్టూడెంట్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కుర్చీ లేకపోయినా తలుపులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, ముసాయిదాలు. కమిషన్ సిలబస్‌లు, నిబంధనలు తెచ్చేటప్పుడు ముసాయిదాని వెబ్‌సైట్‌లో పెట్టి అభిప్రాయాలు పంపమని గడువు ఇస్తే, స్టూడెంట్ పంపకూడదని ఎక్కడా లేదు. పంపేది ఎలా రాయాలంటే, ఒక్క పేజీ చాలు. ఏ క్లాజు, అందులో ఏముంది, మన దగ్గర దానివల్ల ఇబ్బంది ఏంటి, దాని బదులు ఏ వాక్యం ఉండాలి. "విద్యార్థుల సమస్యలు పరిష్కరించాలి" అని రాస్తే ఎవరూ చదవరు. ఇలా రాయండి: అంబులెన్స్ పోస్టింగ్ గంటలకి కాలేజీ సంతకం ఒక్కటే సరిపోకూడదు, ఆ వాహనంలో ఉన్న ఈఎంటీ సంతకం, ట్రిప్ నంబర్ కూడా లాగ్‌బుక్‌లో ఉండాలి. ఇలాంటి వాక్యం రాసినవాడు బండి ఎక్కినవాడే అని చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. క్లాసులో పదిమంది కలిసి ఒక్కటే పంపండి, పేరు, కోర్సు, ఏ సంవత్సరమో రాసి సంతకాలు పెట్టండి. కాలేజీకి భయపడితే ఫైనల్ ఇయర్ పరీక్షలు రాసేసినవాళ్లు ముందుండొచ్చు.

రెండు, కాలేజీలోపల. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో విద్యార్థి ప్రతినిధి ప్రత్యేక ఆహ్వానితుడిగా ఉంటారు, పైన యూనివర్సిటీకి ఒక అంబుడ్స్‌పర్సన్ (అప్పీళ్లు వినే అధికారి) ఉంటారు. ఇందాక చెప్పానే, రాత్రి డ్యూటీలో కాదన్నందుకు మార్కులు కోస్తామన్న బెదిరింపు, అలాంటివి ఇక్కడ రాసి ఇవ్వాలి. నోటితో చెప్పొద్దు. రెండు కాపీలు తీసి, ఒకదానిమీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. మేం తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదే మీ రుజువు. ర్యాగింగ్ అయితే ఇదంతా అక్కర్లేదు, నేరుగా 1800-180-5522కి ఫోన్ చేయండి.

మూడు, సమాచార హక్కు. మా కాలేజీకి అనుమతి ఉందా లేదా అని గుసగుసలాడుకునే బదులు, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి రాష్ట్ర సంస్థ సమాచార అధికారికి రాయండి. ఎందుకు, ఎలా అనే ప్రశ్నలు వద్దు, రికార్డులో ఉన్నది అడగండి. ఫలానా కాలేజీలో ఫలానా కోర్సుకి ఏ తేదీన అనుమతి ఇచ్చారు, ఎన్ని సీట్లకి, ఎప్పటిదాకా, చివరి తనిఖీ నివేదిక కాపీ ఇవ్వగలరు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీల్‌కి వెళ్లొచ్చు. మీ పేరు బయటపడటం ఇష్టం లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ల పేరుమీద వేయించండి, ఏ పౌరుడైనా అడగొచ్చు.

నాలుగోది ఫిర్యాదు కాదు, పని. ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ మామూలు జనానికి నేర్పడానికి కోల్స్ అనే తేలిక పద్ధతి తయారుచేసింది, నోటితో గాలి ఊదే పని లేదు, ఛాతీ నొక్కడమే. దాన్ని సరిగ్గా నేర్చుకుని, మీ ఫ్యాకల్టీ ఒకరిని వెంటబెట్టుకుని, బస్టాండు ఆటో స్టాండులోనో మీ ఊరి హైస్కూల్లోనో నేర్పండి. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, శ్రీవారిమెట్టు దారిలో 2,388, రోజూ ఎక్కేవాళ్లలో గుండె జబ్బు ఉన్నవాళ్లు ఉంటారు. ఆ దారి పక్కన టీ అమ్మే అన్నకి, కొబ్బరికాయలు అమ్మే అక్కకి ఛాతీ నొక్కడం వస్తే, అంబులెన్స్ చేరేలోపు నిమిషాలు వృథా పోవు. బ్రహ్మోత్సవాల్లో వాలంటీర్‌గా వెళ్తే కూడా ముందు అడిగి తెలుసుకోండి, ప్రథమ చికిత్స కేంద్రం ఎక్కడ, మా ఇన్‌ఛార్జ్ ఎవరు, వాకీటాకీ ఎవరి దగ్గరుంది అని. సర్టిఫికెట్ కోసం వెళ్లి గుంపులో నిలబడి ఫోన్ చూసుకునేదానికంటే ఇంట్లో ఉండి చదువుకోవడం నయం.

ఇవన్నీ చేసే బ్యాచ్‌కి ఒక కష్టం ఉంది, కోర్సు మూడు నాలుగేళ్లలో అయిపోతుంది, జవాబులు మాత్రం నిదానంగా వస్తాయి. అందుకని పంపిన లెటర్లు, ఆర్టీఐ జవాబులు, ముట్టినట్టు రసీదులు, ఎవరితో ఎప్పుడు మాట్లాడారో రాసిన కాగితాలు ఒక ఫోల్డర్‌లో పెట్టి, వెళ్లేముందు రెండో సంవత్సరం వాళ్లలో ఇద్దరికి అప్పజెప్పండి. ఒక్కరికే ఇస్తే పెళ్లో ఉద్యోగమో వచ్చి మధ్యలో వెళ్లిపోతారు.